దూరముననున్న వారితో కూడి చర్చించుటకు తగిన మార్గమేది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిరాటంకముగ నడచుట సామాన్య విషయము కాదు. పుస్తకములు సంపాదించుట కొంత సులభము. వానిని చెదపురుగు నుండియు, చినుకు నుండియు కాపాడుట కష్టము. వానిని నలుగురిచేత చదివించి, చదివినదానిని గూర్చి నలుగురు కూర్చుండి మాటలాడుకొనునట్లు చేయుట అంతకంటె కష్టము. మన గ్రంథాలయమునకు ఈ మూడవ భాగ్యము గూడ అబ్బినది. కాని మన చందాదారులలో పలువురు నేడు ఊరిలో లేరు. కొందరు హైదరాబాదులో, కొందరు బెంగుళూరులో, కొందరు సముద్రములకావల నున్నారు. వారిని గూడ మన చర్చాగోష్ఠిలో చేర్చుకొనవలెనని కార్యవర్గము వారు సంకల్పించి, అంతర్జాలమున అందుకు తగిన సాధనమేదో వివరింపుమని నన్ను కోరినారు. వారి యాజ్ఞను శిరసావహించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేసెదను.

ఈ ప్రశ్నకు చాలమంది వెంటనే చెప్పు సమాధానమొకటి కలదు. "అందరి చేతులలోను ఫోనులున్నవి గదా, వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టిన సరిపోవును" అందురు. సరిపోవునో లేదో తేల్చుటకు ముందు మనము కోరుచున్నదేమో మనకు స్పష్టపడవలెను. మాటలాడుట వేరు, చర్చించుట వేరు. మాట ఆ పూటకు పనికివచ్చును. చర్చ పదేండ్ల తరువాత వచ్చు పాఠకునికి గూడ పనికిరావలెను. మాట నిలుచునా నిలువదా యనునది మనము వాడు సాధనపు రంగును, రూపును బట్టి కాక, దాని అడుగున నున్న ఒప్పందమును బట్టి యుండును. ఆ ఒప్పందమునకే ప్రోటోకాల్ అని పేరు.

ప్రోటోకాల్ అనగా నేమి? తపాలా ఉదాహరణముతో చెప్పెదను. కవరుపై చిరునామా ఎచట వ్రాయవలెను, బిళ్ల ఎచట అంటింపవలెను, చేరని ఉత్తరము ఎవరికి తిరిగిపోవలెను అను విషయములలో అన్ని తపాలా కచేరీలకును ఒక కట్టుబాటు కలదు. అందువలననే మన ఊరి డబ్బాలో వేసిన ఉత్తరము పొరుగు దేశమున గూడ చేరుచున్నది. ఆ కట్టుబాటు ఏ ఒక్క పోస్టుమాస్టరు సొత్తును కాదు. ఇట్లే కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడుటకు ఏర్పరచుకొన్న కట్టుబాటే ప్రోటోకాల్. అది అందరికిని తెరచియున్నచో ఎవరైనను దానిననుసరించి ఒక కచేరీ తెరువవచ్చును. ఆ కచేరీనే సర్వరు అందుము. కట్టుబాటు ఒక కంపెనీ గర్భమున దాగియున్నచో ఆ కంపెనీ ద్వారముననే అందరును ప్రవేశింపవలెను. అది తలుపు మూసిననాడు అందరును బయట నిలువవలెను.

కావున ఏ సాధనమునైనను ఎన్నుకొనుటకు ముందు నాలుగు ప్రశ్నలు వేయుట మంచిది. అందరును ఒకే వేళకు రావలసి యుండునా? చర్చ యొక్క ప్రతి ఎవరి దగ్గర నిలుచును? ఒక సర్వరు చెడినచో మరియొక దానికి పోగలమా? మన తెలుగు అక్షరములు అందులో సుఖముగ ప్రయాణము చేయునా? ఈ నాలుగు ప్రశ్నలనే గీటురాయిగా చేసికొని ఒక్కొక్క ప్రోటోకాల్‌ను పరీక్షింతము.

మొదటిది ఈ-మెయిలు. ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు వల మీదుగ ఉత్తరమును మొట్టమొదట 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు పంపెను. చిరునామాలో మనిషి పేరునకును యంత్రము పేరునకును నడుమ "ఎట్" అను గుర్తు నుంచిన వాడును అతడే. ఆ ఉత్తరములు ఇంటర్నెట్టుపై నడచుటకు జాన్ పోస్టెల్ 1982లో ఎస్.ఎమ్.టి.పి. అను ప్రోటోకాల్‌ను వ్రాసెను. దాని పద్ధతి తపాలా పద్ధతియే. పంపిన సర్వరు ఉత్తరమును తనయొద్ద నిలువచేసికొని, అవతలి సర్వరు మేలుకొని యున్నప్పుడు అందజేయును. అది పలుకనిచో మరల మరల ప్రయత్నించును. కొన్నిదినములకును చేరనిచో, చేరలేదని పంపినవానికి తెలియజేయును.

గుంపునకు పంపవలసినచో ఒక ఉమ్మడి చిరునామా నేర్పరతురు. దానికి వచ్చిన ప్రతి ఉత్తరమును సర్వరు చందాదారులందరికిని పంచిపెట్టును. ఇందులో గొప్ప గుణమేమనగా, ప్రతి చందాదారుని పెట్టెలోను ఒక ప్రతి చేరుచున్నది. ఏబదిమంది యున్నచో ఏబది ప్రతులు. ఒకే వేళకు అందరును మేలుకొని యుండనక్కరలేదు. మనకు సాయంకాలము ఆరు గంటలైనపుడు న్యూయార్కులో తెల్లవారి యుండును. మనము నిద్రించువేళ అచటివారు కచేరీలలో నుందురు. ఉత్తరమునకు ఈ భేదము అడ్డురాదు.

లోపములు లేకపోలేదు. పనికిమాలిన ప్రకటనలు ఈ-మెయిలునకు పుట్టువ్యాధి. క్రొత్తగ చేరినవానికి పాత ఉత్తరములు తమంత రావు. వానిని వేరుగ నొక భాండాగారమున భద్రపరచి చూపవలెను. తెలుగునకు మొదట కష్టమే యుండెను. 1982 నాటి నియమములు ఆంగ్లాక్షరములకు మాత్రమే సరిపోవునట్లు వ్రాయబడినవి. 1992లో మైమ్ అను పద్ధతి వచ్చిన పిమ్మట ఇతర లిపులకును, చిత్రములకును దారి తెరువబడినది. నేడు తెలుగు ఉత్తరము ఏ ఇబ్బందియు లేక చేరుచున్నది.

రెండవది యూజ్‌నెట్. దీనికి మూలము 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయపు విద్యార్థులైన టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారి యోచన. మొదట టెలిఫోను తీగల మీదుగ నడచిన ఈ ఏర్పాటునకు 1986లో ఎన్.ఎన్.టి.పి. అను ప్రోటోకాల్ ఏర్పడినది. ఈ-మెయిలు ఇంటికి వచ్చు ఉత్తరమైనచో, ఇది రచ్చబండ కడ నోటీసు పలకవంటిది. కాని పలక ఒక ఊరిలో మాత్రమే లేదు. ప్రతి ఊరిలోను దాని నకలు కలదు. ఒక సర్వరు తన పొరుగు సర్వరును "ఈ సంఖ్య గల వ్యాసము నాయొద్ద నున్నది, నీకు కావలెనా?" అని అడుగును. "కావలెను" అన్నచో ఇచ్చును. "ఉన్నది" అన్నచో ఊరకుండును. ఇట్లు చేతినుండి చేతికి సాగి వ్యాసము లోకమంతయు ప్రాకును. పాఠకుడు తనకు దగ్గర నున్న సర్వరునకు పోయి, తన కిష్టమైన విషయమును ఎంచుకొని చదువుకొనును. ఏ ప్రశ్నకు ఏది సమాధానమో తీగవలె అల్లుకొని కనబడును.

మన తెలుగువారికి ఈ పలకతో నిజమైన చుట్టరికము కలదు. విదేశములందలి తెలుగువారు కూడి ముచ్చటించుకొనుటకు యూజ్‌నెట్టులో తెలుగు పేరిటనే ఒక విభాగముండెను. అప్పటికి తెర మీద తెలుగు లిపి వ్రాయుట సులభము కాదు. అందుచే తెలుగును రోమను అక్షరములలో వ్రాయుటకు, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఒక లిప్యంతరీకరణ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. దానినే ఆర్.టి.ఎస్. అందురు. లిపి లేకున్నను భాషను విడువని వారి పట్టుదల మెచ్చదగినది.

అంత చక్కని ఏర్పాటు ఎందుకు క్షీణించినది? పలకకు కాపలాదారుడు లేకపోవుటచేత. 1994 ఏప్రిలులో ఒక ప్రకటన వేలకొలది విభాగములలో ఒక్కసారిగా అంటింపబడినది. అటుపిమ్మట ప్రకటనల వరద ఆగలేదు. మరియు సర్వర్లు స్థలము చాలక పాత వ్యాసములను కొన్నిదినములకు చెరిపివేయుచుండెను. 1995లో డెజాన్యూస్ అను సంస్థ వానిని కూడబెట్ట నారంభించినది. 2001లో గూగుల్ ఆ నిధిని కొనినది. 2024 ఫిబ్రవరి 22వ తేదీ నుండి గూగుల్ తన ద్వారమున యూజ్‌నెట్టునకు క్రొత్త వ్యాసములను స్వీకరించుట మానినది. పాతవి చదువుటకు మాత్రము ఉంచినది. ప్రోటోకాల్ మంచిదైనను, కాపాడు చేయి లేనిచో ఫలము దక్కదని దీనివలన తెలియుచున్నది.

మూడవది ఐ.ఆర్.సి. దీనిని 1988లో ఫిన్లాండు దేశమున ఔలు విశ్వవిద్యాలయములో యార్కో ఓయికారినెన్ అను నతడు సృష్టించెను. ఇది అసలైన అరుగుమీది మాట. ఒకరు వ్రాసిన పంక్తి క్షణములో అందరి తెరల మీదను కనబడును. కాని అరుగు మీద లేనివానికి ఆ మాట వినబడదు. రాత్రి పది గంటలకు మీరు లేచి వెళ్లినచో పదిన్నరకు జరిగిన చర్చ మీకు దక్కదు. దానిని నిలువచేయుమని మూల ప్రోటోకాల్ ఏ సర్వరునకును చెప్పలేదు. ఇంకొక చిక్కు తెలుగువారికి ప్రత్యేకముగ కలదు. 1993లో వ్రాసిన నియమము ప్రకారము ఒక సందేశము 512 బైట్లు దాటరాదు. నేటి యూనికోడ్ పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగునందు ఒక్కొక్క వర్ణమునకును, గుణింతపు గుర్తునకును మూడేసి బైట్లు కావలెను. "స్త్రీ" యను ఒక్క అక్షరమునకే పదునెనిమిది బైట్లు పట్టును. అనగా ఆంగ్లేయుడు ఒక పేరా వ్రాయుచోట మనము రెండు మూడు వాక్యములతో ఆగవలెను. దీర్ఘాలోచనకు ఇది చాలదు.

అయినను ఐ.ఆర్.సి. చరిత్రలో మనము నేర్వదగిన పాఠమొకటి కలదు. 2021 మే నెలలో ఫ్రీనోడ్ అను పెద్ద నిలయమున యాజమాన్యమును గూర్చి వివాదము కలిగినది. నిర్వాహకులు దానిని వీడి లిబెరా చాట్ అను క్రొత్త నిలయమును తెరచిరి. ఎన్నో గుంపులు వారి వెంట తరలిపోయినవి. వారు క్రొత్త సాధనము నేర్వవలసిన పని లేకపోయినది. చిరునామా మార్చుకొనిన చాలినది. ప్రోటోకాల్ అందరిదియు గనుక ఇల్లు మారినను కాపురము చెడలేదు.

నాలుగవ తెగలో రెండు చెప్పెదను. జెరెమీ మిల్లర్ 1999లో బయటపెట్టిన జాబర్ అను ఏర్పాటు పిమ్మట ఎక్స్.ఎమ్.పి.పి. అను పేర ప్రమాణమైనది. ఇందు ఎవరి సర్వరు వారిదే. అయినను ఈ-మెయిలు వలెనే ఒక సర్వరువారు మరియొక సర్వరువారితో మాటలాడవచ్చును. 2005లో వచ్చిన గూగుల్ టాక్ దీనినే వాడినది. కాని 2013లో గూగుల్ హ్యాంగౌట్స్ అను వేరు సాధనమును తెచ్చి, బయటి సర్వర్లతో మాటలాడు పద్ధతిని దానిలో విడిచిపెట్టినది. పెద్ద ఇంటివారు వీధి తలుపు మూసికొన్నచో చిన్న ఇండ్లవారికి కలుగు నష్టమేమో అప్పుడు తెలిసినది.

రెండవది మేట్రిక్స్. ఇది 2014లో ప్రారంభమైనది. చర్చలో పాల్గొను ప్రతి సర్వరునందును ఆ గది చరిత్ర నకలుగ నిలుచుట దీని విశేషము. ఒక సర్వరు ఆరిపోయినను తక్కినవానిలో చర్చ సాగును. ఫ్రాన్సు ప్రభుత్వము తన ఉద్యోగుల కొరకు 2019లో తెచ్చిన చాప్ అను సాధనము దీనిపైననే నిర్మింపబడినది. గుణములు మెండు, కాని సొంత సర్వరు నడుపుటకు తెలిసిన మనిషియు, తగినంత నిలువ స్థలమును కావలెను. మనవంటి చిన్న గ్రంథాలయమునకు అది ప్రస్తుతము భారమే.

ఇక వాట్సాప్ సంగతి. దానిని నిందించుటకు నేను రాలేదు. అక్షరములు వ్రాయలేని అవ్వ గూడ తన గొంతుతో మనుమనికి కబురంపగలుగుచున్నది. 2016 నుండి పంపినవారును అందుకొన్నవారును తప్ప నడుమ నున్నవారెవ్వరును చదువజాలనట్లు సందేశములకు తాళము వేయబడుచున్నది. ఈ-మెయిలునకు సామాన్యముగ ఈ రక్షణ లేదు. నడుమనున్న సర్వరువారు తలచినచో చదువగలరు. కావున ఇంటి గుట్టునకు వాట్సాప్ మేలు. కాని మన నాలుగు ప్రశ్నలలో రెండింటికి అది సరియైన సమాధానము చెప్పలేదు. చేరిన సందేశములు వాడువారి పరికరములలోనే నిలుచును. ఫోను నీటిలో పడినచో, వేరుగ నకలు తీసియుంచనిచో, అంతయు పోవును. ఆ సర్వరు వీడి మరియొక సర్వరునకు మన గుంపును తరలించుకొని పోవు వీలును లేదు. "శుభోదయము" చిత్రముల నడుమ ఒక మంచి పుస్తక విమర్శను మరునాడు వెదకి చూచినవారికి తక్కిన కష్టము నేను చెప్పనక్కరలేదు.

ఇందువలన వచ్చు నష్టము ఊహామాత్రము కాదు; జరిగినదే. యాహూ గ్రూప్స్ అను ఏర్పాటు 2001 నుండి లోకమున లెక్కకు మిక్కిలి గుంపులకు ఆశ్రయమైయుండెను. తెలుగు సాహిత్యమును గూర్చి "రచ్చబండ" అను పేర నడచిన చర్చాగోష్ఠియు అందులోనే యుండెను. ఛందస్సు, వ్యాకరణము, పద్యము, కథ ఇత్యాది విషయములు తెలిసినవారు, తెలిసికొనగోరువారు అచట కూడుచుండిరి. 2019 అక్టోబరులో ఆ సంస్థ, డిసెంబరు 14వ తేదీతో గుంపుల పాత సంచికలన్నియు తొలగింపబడునని ప్రకటించినది. సుమారు రెండు నెలల గడువు మాత్రమే. 2020 డిసెంబరు 15న ఏర్పాటు పూర్తిగ మూతపడినది. ప్రపంచమున ఎన్నో గుంపుల సంవత్సరముల కృషి ఇట్లు పలక మీది సుద్దవలె తుడుచుకొనిపోయినది.

కాని గమనింపుడు. ఆ గుంపుల ఉత్తరములు ఈ-మెయిలు రూపమున ఎవరెవరి పెట్టెలకు చేరినవో, వారు చెరిపివేయకున్నంత వరకు, ఆ ఉత్తరములు వారియొద్ద నిలిచినవి. భాండాగారము కంపెనీది గనుక పోయినది, ప్రతులు ఎస్.ఎమ్.టి.పి. ద్వారమున ఇండ్లకు చేరినవి గనుక మిగిలినవి. తాళపత్ర గ్రంథములు మనకు ఎట్లు దక్కినవి? ఒక ఊరిలో ఇల్లు తగులబడినను మరియొక ఊరిలో నకలుండుటచేత. ప్రతులు పలుచోట్ల నుండుటయే విద్యకు రక్ష. నేను చెప్పదలచిన ముఖ్య విషయము ఇదొక్కటే.

ప్రోటోకాల్‌లను వ్రాయు పెద్దలే తమ చర్చలకు ఏది వాడుచున్నారో చూడుడు. ఇంటర్నెట్టు నియమములను రూపొందించు ఐ.ఇ.టి.ఎఫ్. అను సంఘమువారు 1998లో తమ కార్యవిధానమును ప్రకటించుచు, ముఖాముఖి సభలో కుదిరిన నిర్ణయమును గూడ ఈ-మెయిలు జాబితాలో అందరి ముందు ఉంచి సరిచూడవలెనని కట్టుబాటు చేసికొనిరి. సభకు రాలేని వానికిని మాట యుండవలెనని దీని భావము. సభ జరుగు వేళ వారును తక్షణ సంభాషణ సాధనములను వాడుదురు. లినక్స్ అను ప్రసిద్ధమైన వ్యవస్థను నిర్మించువారు లోకమంతట చెదరియుండియు నేటికిని ఈ-మెయిలుననే చర్చింతురు. ఆ ఉత్తరముల భాండాగారమును వెబ్ ద్వారమునను, ఎన్.ఎన్.టి.పి. ద్వారమునను గూడ ఎవరైనను చదువవచ్చును. పాతదని మనము తలచునది వారి చేతిలో నేటికిని పదునుగ నున్నది.

కావున మన కార్యవర్గము వారికి నా మనవి ఇది. తక్షణ వార్తలకు, అనగా సభ వేళ మారినదనియు, క్రొత్త పుస్తకములు వచ్చినవనియు తెలుపుటకు వాట్సాప్ గ్రూపు ఉండనిండు. పుస్తక చర్చకును, గ్రంథాలయ వ్యవహారములపై నిర్ణయములకును ఈ-మెయిలు జాబితాను ఏర్పరపుడు. జాబితా చిరునామా గ్రంథాలయము పేర కొనిన సొంత పేరున నుండవలెను. అప్పుడు సర్వరు నడుపు సంస్థ మారినను మన చిరునామా మారదు. దాని తాళపుచెవి ఇరువురి చేతిలో నుండవలెను. ఒకరు ఊరిలో లేనప్పుడు పని ఆగరాదు. చందాదారుల ఉత్తరములను మాత్రమే స్వీకరింపవలెను. యూజ్‌నెట్టునకు పట్టిన వ్యాధి మనకు పట్టరాదు. ఒక ఉత్తరమున ఒకే విషయము వ్రాయవలెను. ఇంటి గుట్టులును, ఒకరి ఆరోగ్యమునకు, అప్పులకు సంబంధించిన మాటలును జాబితాకు ఎక్కరాదు. మూడు నెలలకొకసారి మేలైన ఉత్తరములను వ్రాసినవారి అనుమతితో అచ్చుతీసి, కుట్టించి, బీరువాలో పెట్టవలెను. కంప్యూటరు తెలియని పెద్దలు దానిని చదివి తమ అభిప్రాయమును కాగితము మీద వ్రాసియిచ్చినచో, మన యువకులెవరైనను దానిని జాబితాకు ఎక్కింపవలెను.

"ఇంత శ్రమ ఎందుకు? ఉత్తరము వ్రాయు ఓపిక నేటి పిల్లలకు లేదు" అని కొందరనవచ్చును. నిజమే, ఉత్తరమునకు ఓపిక కావలెను. కాని ఒక పుస్తకము చదివి, రెండు రోజులు ఆలోచించి, పేరు పెట్టి వ్రాసిన మాటకు నుండు బరువు, బస్సులో నిలుచుండి బొటనవ్రేలితో విసరిన మాటకు రాదు. ఆలస్యమే ఇచట గుణము. కోపము చల్లారుటకు అది అవకాశమిచ్చును.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటినుండి మన పెద్దలు పుస్తకమును పాఠకుని చెంతకు చేర్చుటకు పడిన పాట్లు మీరెరుగుదురు. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా డెల్టా కాలువలో పడవ మీద గ్రంథాలయమును నడిపించిరి. కాలువ ఎవరో ఒకరి సొత్తు కాకుండుటచే పడవ సాగినది. నేటి కాలువలు కంటికి కనబడవు. అందులో ఏది అందరిదో, ఏది ఒకరిదో తెలిసికొని పడవ దింపుట మన బాధ్యత. ఊరిలోనున్న పాఠకుడును, ఊరు విడిచిన పాఠకుడును ఒకే పుస్తకమును గూర్చి వాదించుకొన్న మాటలు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి గూడ ఎవరో ఒకరు చదువుకొనునట్లు నిలుచుగాక యని కోరుచున్నాను.